కౌన్సెలర్ కూడా ఒకసారి క్లయింట్ కుర్చీలో కూర్చోవాలా?

మిగతావాళ్లకూ అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. గుంటూరులో ఎమ్మెస్సీ సైకాలజీ పూర్తి చేసి, ఈ మధ్యే విజయవాడలో ఒక జూనియర్ కాలేజీ హాస్టల్ క్యాంపస్‌లో కౌన్సెలర్‌గా చేరారు. “తను థెరపీకి వెళ్లని మనిషికి ఇంకొకరికి థెరపీ చేసే అర్హత లేదు” అని ఒక సీనియర్ గట్టిగా అన్నారు. మీ క్లాస్‌మేటేమో “డబ్బు దండగ, అదేదో పెట్టి ఇంకో సర్టిఫికెట్ కోర్సు చెయ్యి” అంటోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, సంగతి బయటికి పొక్కితే ఎలాగన్న భయం ఒకటి. వెళ్తే నిజంగా ఉపయోగం ఉంటుందా అని మీరు అడుగుతున్నారు.

ఉంటుందమ్మా. ఇరవై ఏళ్లకు పైగా విజయవాడ సూర్యారావుపేటలో థెరపిస్టుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. నేనూ వెళ్లాను, నా దగ్గర సూపర్‌విజన్‌కి, అంటే తమ కేసుల గురించి సీనియర్‌తో చర్చించుకోవడానికి, వచ్చే పిల్లలకూ వెళ్లమనే చెబుతాను. అయితే దాన్ని అర్హతగా చూడటం నాకు ఒప్పుదల కాదు. ఇంకా వెళ్లలేదు కాబట్టి రేపు ఉదయం ఆ గదిలో కూర్చునే హక్కు మీకు లేదని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి. వెళ్లివచ్చిన ప్రతివాళ్లూ మంచి థెరపిస్టులు అయిపోయిందీ లేదు. ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషికి లోపల ఏం జరుగుతుందో ఒంటికి తెలియడం, మన సొంత నొప్పి ఎక్కడుందో పట్టుబడటం, ఈ రెండిటి కోసం వెళ్లాలి. చదువుతో ఈ రెండూ రావు.

మీ సీనియర్ మాటకు పెద్ద చరిత్రే ఉంది. 1910లో న్యూరెంబర్గ్‌లో జరిగిన సభలో, మాటలతో మనసు లోతుల్ని తవ్వే మనోవిశ్లేషణకు (సైకోఅనాలిసిస్) ఆద్యుడైన ఫ్రాయిడ్ ఒక మాట అన్నాడు: తన సొంత చిక్కుముళ్లు ఎంత దూరం పోనిస్తే అంత దూరమే విశ్లేషకుడు క్లయింటుతో పోగలడు, అంతకు మించి పోలేడు. ఇంకో రెండేళ్లకు, ఈ పని చేయదలచినవాళ్లు ముందు తాము విశ్లేషణ చేయించుకోవాలన్న జ్యూరిక్‌లోని తోటి విశ్లేషకుల పద్ధతిని మెచ్చుకుంటూ రాశాడు. 1937 నాటికి ఇంకా ముందుకెళ్లి, ఒకసారి చేయించుకుంటే చాలదు, ఐదేళ్లకోసారి మళ్లీ వెళ్లాలన్నాడు. ఆయనకు మాత్రం తనని కూర్చోబెట్టి వినే మనిషి దొరకలేదు, 1897 ప్రాంతంలో తనను తానే విశ్లేషించుకున్నాడు. మన దేశంలో 1922లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టారు. ఆ సంప్రదాయంలో శిక్షణ అంటే ఇప్పటికీ ముందు మీరు వెళ్లి విశ్లేషకుడి సోఫా మీద పడుకుని మాట్లాడాలి, తర్వాతే ఇంకొకరిని అలా కూర్చుని వినాలి.

కానీ అది ఒక ఇంటి ఆచారం. ప్రవర్తనను నేరుగా మార్చడం మీద పనిచేసే బిహేవియర్ థెరపీ వాళ్లు మొదటినుంచీ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. బ్రిటన్‌లో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా శిక్షణ తీసుకునేవాళ్లకు 40 గంటల సొంత థెరపీ అనే నియమం ఏళ్ల తరబడి నడిచింది. అమెరికాలో సైకాలజిస్టులకు అలాంటి దేశవ్యాప్త నియమమేదీ లేదు. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్‌లోకి ఏళ్లుగా దారి తీసిన ఎంఫిల్ క్లినికల్ సైకాలజీలో సూపర్‌విజన్ కింద కేసులు చూడటం తప్పనిసరి, సొంత థెరపీ తప్పనిసరి కాదు. 2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చూస్తే, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదు. ఇలాంటి దేశంలో “ముందు నువ్వు యాభై సెషన్లు చేయించుకుని రా” అని గుమ్మం దగ్గర నిలబెడితే, మధ్యతరగతి ఇంటినుంచి, పల్లెలనుంచి వచ్చిన పిల్లలే ఆగిపోతారు. డబ్బున్నవాళ్లు లోపలికి వచ్చేస్తారు. నియమంగా పెట్టడానికి నేను ఒప్పుకోకపోవడానికి ఇదే పెద్ద కారణం.

పరిశోధనల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. అమెరికాలో థెరపిస్టులను అడిగిన సర్వేల్లో దాదాపు ముప్పాతిక మంది ఎప్పుడో ఒకప్పుడు సొంత థెరపీకి వెళ్లినవాళ్లే. వెళ్లినవాళ్లలో అత్యధికులు మేలు జరిగిందనే అంటారు. ఏం నేర్చుకున్నారని అడిగితే టెక్నిక్ గురించి పెద్దగా చెప్పరు. ఎదుటి మనిషి ఆప్యాయత, ఓపిక, ఆ ఇద్దరి మధ్య కుదిరిన నమ్మకం, వీటి గురించే చెబుతారు. కొద్దిమంది నష్టం జరిగిందని కూడా చెప్పారు, ఆ మాటనూ మరుగున పెట్టకూడదు.

ఇదంతా థెరపిస్టుల మాట. క్లయింట్లకు ఏం ఒరిగిందని చూస్తే లెక్క తేలదు. 1971లో గార్‌ఫీల్డ్, బెర్గిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు శిక్షణలో ఉన్న థెరపిస్టుల మీద ఒక అధ్యయనం చేశారు. సొంత థెరపీ అసలు లేనివాళ్ల క్లయింట్లలోనే మార్పు ఎక్కువ కనిపించింది. చాలా చిన్న అధ్యయనం అది, దాని మీద మేడలు కట్టకూడదు. తర్వాత వచ్చినవి కొన్ని అటు మొగ్గాయి, కొన్ని ఇటు మొగ్గాయి, చాలావాటిలో తేడాయే కనబడలేదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. తనంతట తాను థెరపీకి వెళ్లే ట్రైనీ చాలాసార్లు ఏదో బాధలో ఉండే వెళ్తాడు. ఆ బాధ పచ్చిగా ఉన్నప్పుడు అతని ధ్యాసలో సగం దాని మీదే ఉంటుంది. పైగా సగం మందిని చీటీ తీసి థెరపీకి పంపి, మిగతా సగాన్ని ఆపి పోల్చి చూడటం కుదిరే పని కాదు. కాబట్టి “అర్హత లేదు” అనే మీ సీనియర్ మాటా నిలబడదు, “దండగ” అనే మీ ఫ్రెండ్ మాటా నిలబడదు. ఇక్కణ్ణించి చెప్పేది నేను చూసింది, నమ్మింది.

ఎదుటి కుర్చీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, అసలు సారమంతా అక్కడే ఉంది.

క్లయింట్‌గా వెళ్లిన మనిషికి థెరపీ గదిలో మొదలవదు, కింద మెట్ల దగ్గరే మొదలవుతుంది. మన సూర్యారావుపేట సందుల్లో ఒక్కో బిల్డింగ్‌కి ఆరేడు బోర్డులు. మెట్లెక్కుతుంటే పైనుంచి తెలిసినవాళ్లెవరైనా దిగుతారేమోనని గుండె దడ. చర్మం డాక్టరు కోసం వచ్చామని చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధంగా పెట్టుకుంటాం. హాల్లో గోడ వైపు తిరిగి ఉన్న కుర్చీ వెతుక్కుంటాం. అప్పుడు రిసెప్షన్‌లో కూర్చున్న మనిషి ఇంటిపేరుతో సహా గట్టిగా పిలుస్తాడు. ఆ ఒక్క పిలుపుతో, నాలుగు రోజులుగా కూడగట్టుకున్న ధైర్యం ఎలా జారిపోతుందో నాకు క్లయింట్‌గా వెళ్లినప్పుడే తెలిసింది. నా క్లినిక్‌లో పేర్లు పిలవరు, మనిషి దగ్గరికి వెళ్లి చెబుతారు. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు.

లోపలికి వెళ్లాక ఇంకోటి అర్థమవుతుంది. మనం మంచి పేషెంట్ అనిపించుకోవాలని చూస్తాం. బాధను కూడా చక్కగా సర్ది, వరసలో పెట్టి చెబుతాం. థెరపిస్ట్ పెన్ను కదిలితే “ఇప్పుడేం రాసింది?” అని మనసు అక్కడికి పోతుంది. ఆవిడ చూపు గడియారం వైపు పోయిన ఆ అర క్షణాన్ని వారమంతా మోస్తాం. నిశ్శబ్దం గురించి క్లాసులో నేర్చుకుంటాం కదా, “సైలెన్స్‌ని భరించడం నేర్చుకోండి” అని. మన వైపునుంచి ఆ పది సెకన్లు ప్రశాంతంగా ఉంటాయి. అటు కూర్చుంటే మాత్రం “తప్పుగా మాట్లాడానా, విసుగు పుట్టిందా” అని ప్రాణం విలవిల్లాడుతుంది. అటు కూర్చుని వచ్చాక, నిశ్శబ్దంగా ఉండబోయే ముందు “తొందరేం లేదు, ఆలోచించుకోండి” అని ఒక మాట అనడం అలవాటైంది. పిల్లల దగ్గర ఆ ఒక్క మాటకు భుజాలు ఎంత కిందికి దిగుతాయో చూడండి.

సెషన్ అయిపోయాక ఏమవుతుందన్నది మనం బొత్తిగా ఆలోచించం. క్లయింట్ వెళ్లిపోతే మనకి ఆ గంట పూర్తయినట్టే. క్లయింట్ మాత్రం అప్పుడే ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో పడాలి, ఇంటికి వెళ్లి కూర తరగాలి, అత్తగారి ముందు ఏమీ జరగనట్టు ఉండాలి. మీ క్యాంపస్‌లో ఇంకా ఘోరం. మీ గదిలో ఐదున్నరకి వెక్కివెక్కి ఏడ్చిన పిల్లవాడు ఆరింటికి అరవై మంది మధ్య స్టడీ అవర్‌లో కెమిస్ట్రీ పుస్తకం ముందు కూర్చోవాలి. కళ్లు ఎర్రబడి ఉంటే పక్కవాడు అడుగుతాడు, వార్డెన్ గమనిస్తాడు. థెరపీలో ఏడ్చి బయటికి వచ్చి, ఆ ముఖంతో నలుగురిలోకి నడవాల్సిన అనుభవం ఒక్కసారి మీకు అయ్యిందనుకోండి, ఆ తర్వాత ఏ పిల్లవాణ్ణీ అలా బయటికి పంపలేరు. చివరి పది నిమిషాలు వాణ్ణి మళ్లీ నేల మీదికి తేవడానికి ఉంచుకుంటారు. ముఖం కడుక్కోనిస్తారు. మంచినీళ్లిచ్చి, ఇవాళ మెస్‌లో ఏం పెట్టారని అడుగుతారు.

హోంవర్క్ సంగతీ అంతే. ఆలోచనలు రాసుకునే పట్టిక ఇచ్చి “రోజూ నింపండి” అనడం సులువు. ఇంట్లో దాన్ని ఎక్కడ దాచాలో తెలియనప్పుడు, రాసింది ఎవరి కంట్లోనైనా పడితే ఏమవుతుందోనని భయపడినప్పుడు, దాని బరువు తెలుస్తుంది. హాస్టల్ పిల్లలకు ట్రంకు పెట్టె తప్ప సొంత చోటు ఉండదు. వాడు పట్టిక నింపకుండా వస్తే “సహకరించడం లేదు” అని ఫైల్లో రాసేస్తాం. వాడికి రాసుకోవడానికి చోటుందా అని ముందు అడగాలన్న ఆలోచన, ఆ పట్టికతో మనం కుస్తీ పడ్డాకే వస్తుంది.

ఇక రెండోది, మన నొప్పి ఎక్కడుందన్నది. నా దగ్గర సూపర్‌విజన్‌కి వచ్చిన ఒక అమ్మాయి విషయం చెబుతాను. తన అనుమతితోనే, గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. చాలా కష్టపడే అమ్మాయి, పిల్లలు ప్రాణం పెట్టేవాళ్లు. కానీ తండ్రులతో మాట్లాడిన ప్రతి సెషనూ గొడవగా తేలేది. ఒక కేసులో అయితే ఆ తండ్రిది తప్పు అనుకుంటాం. వరసగా అన్ని కేసుల్లోనూ తండ్రే విలన్‌గా కనిపిస్తుంటే అది తండ్రుల సమస్య అయ్యుండదు. “ఇది మళ్లీ మళ్లీ జరుగుతోంది, నువ్వు గమనించావా?” అని నేను అన్నాను. సూపర్‌వైజర్‌గా నా పని అక్కడికే. ఎందుకు జరుగుతోందో తవ్వడానికి నేను పూనుకోకూడదు. నేను తన పని మీద మార్కులు వేసే స్థానంలో ఉన్నాను, నా ముందు తను మనసు విప్పడం ఆమెకు క్షేమం కాదు. అందుకే ఆ అమ్మాయి హైదరాబాద్‌లో ఉన్న ఒక థెరపిస్ట్ దగ్గర ఆన్‌లైన్‌లో సొంత థెరపీ మొదలుపెట్టింది.

కొన్ని నెలల తర్వాత ఒక సెషన్ రికార్డింగ్ తెచ్చింది, ఆ కుటుంబం ఒప్పుకున్నాకే చేసింది. పల్నాడు వైపు కౌలుకి మిర్చి వేసే రైతు. కొడుకు ఎంపీసీ సెకండియర్, వీక్లీ టెస్టులు ఎగ్గొడుతున్నాడు. తండ్రి లోపలికి రాగానే, “మేడమ్ గారూ, మీరేం చేస్తారో నాకు తెలవదు. వీడు చదవాల. లక్షలు కట్టినా” అన్నాడు. గొంతు పెద్దది. ఇదివరకైతే ఆ అమ్మాయి అక్కడే బిగుసుకుపోయి, “డబ్బు గురించి పిల్లాడి ముందు మాట్లాడకండి” అని అందుకునేది. ఈసారి రికార్డింగ్‌లో రెండు మూడు సెకన్లు ఏమీ వినబడదు. తర్వాత, “ఈ ఏడు పంట ఎట్లా ఉందండీ?” అని తన గొంతు. అది నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని పీల్చిపారేసిన ఏడు. ఆయన కాసేపు మాట్లాడలేకపోయాడు. తర్వాత చెప్పుకుంటూ పోయాడు, దున్నేసిన చేను గురించి, కౌలు డబ్బు గురించి, వడ్డీ గురించి. కొడుకు పక్కనే కూర్చుని మొదటిసారి విన్నాడు. వాడికి అప్పటిదాకా నాన్న అరుపు మాత్రమే తెలుసు.

ఆ రెండు మూడు సెకన్లే ఆమె థెరపీ ఫలితం. ఆమెకు తండ్రుల మీద హఠాత్తుగా ప్రేమ పుట్టలేదు. ఇంటర్‌లో మార్కులు తగ్గినప్పుడు సొంత నాన్న అన్న మాటలు ఆమె ఇంకా మర్చిపోలేదు, మర్చిపోవాలని కూడా ఎవరూ చెప్పలేదు. ఆ పెద్ద గొంతు వినగానే ఒళ్లు బిగుసుకోవడం తనకి జరుగుతుందని తెలిసింది. తెలిసింది కాబట్టి ఒక్క క్షణం ఆగగలిగింది. ఆ ఆగిన క్షణంలోనే ఎదుటి మనిషి కనిపించాడు. ఇలాంటిది కొలిచే స్కేలు ఏ అధ్యయనంలోనూ ఉండకపోవచ్చు, కానీ ఆ పిల్లవాడి జీవితంలో దానికి విలువ ఉంది.

పెద్దవాళ్లకు ఇది వర్తించదనుకోకండి. క్లయింట్ కేంద్రిత థెరపీని మొదలుపెట్టిన అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ గురించి చదివే ఉంటారు. 1950కి అటూ ఇటూ, అప్పటికే పేరు మోసిన మనిషి, చికాగోలో బాగా తీవ్రమైన స్థితిలో ఉన్న ఒక క్లయింటుతో పనిచేస్తూ తనే కుప్పకూలే దాకా వచ్చాడు. క్లయింటును ఇంకొకరికి అప్పగించి, భార్యతో కలిసి కొంతకాలం ఊరు విడిచి వెళ్లాడు. తిరిగి వచ్చాక తన దగ్గర పనిచేసే సహోద్యోగి దగ్గరే థెరపీ తీసుకున్నాడు. తన సిద్ధాంతాన్ని తన కన్నా చిన్నవాళ్ల చేతుల్లో, క్లయింట్‌గా కూర్చుని అనుభవించాడు. అప్పటిదాకా తన మీద తనకే సరైన గౌరవం లేదన్న సంగతి ఆయనకు అక్కడ తెలిసింది. ఆ తర్వాతే క్లయింట్లకు ఇంకా దగ్గర కాగలిగానని ఆయనే చెప్పుకున్నాడు.

థెరపీకి వెళ్లడం వల్ల చెడే రకం కూడా ఒకటుంది. తనకి బాగా పనిచేసిన పద్ధతిని అందరికీ రుద్దే థెరపిస్టును చూశాను, ఇంట్లో పెద్దమ్మ తనకి పడిన కషాయాన్ని ఊరంతటికీ పోసినట్టు. క్లయింట్ ఒక ముక్క చెప్పగానే “నాకూ అచ్చం ఇలాగే జరిగింది” అని మొదలుపెట్టి, పిల్లవాడే తమను ఓదార్చే పరిస్థితి తెచ్చినవాళ్లూ ఉన్నారు. మీ థెరపీలో జరిగింది మీది. అది మీ గదిలోకి మీ ఓపిక రూపంలో రావాలి, కథ రూపంలో రాకూడదు.

సొంత థెరపీ ఉంది కదా అని సూపర్‌విజన్ మానేయకండి, ఈ రెంటినీ కలిపేసేవాళ్లు ఎక్కువ. సూపర్‌విజన్‌లో మాట్లాడేది మీ క్లయింట్ గురించి, థెరపీలో మాట్లాడేది మీ గురించి. మొదటి ఏడాది మీ చేతిలో ఒక్కదానికే డబ్బుంటే సూపర్‌విజన్‌కే పెట్టండి. ఆత్మహత్య ఆలోచనలతో వచ్చిన పిల్లవాడి విషయంలో ఎప్పుడు తల్లిదండ్రులకు చెప్పాలి, ఎప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాలి అన్నవి మీ సొంత థెరపిస్ట్ నేర్పడు. ఆ మేరకు మీ క్లాస్‌మేట్ మాటలో కొంత న్యాయం ఉంది, కాకపోతే సర్టిఫికెట్ కోర్సు బదులు సూపర్‌విజన్ అనాల్సింది. రెండిటికీ స్తోమత లేనివాళ్లకు ఇంకో దారి: ఆలోచనలనూ అలవాట్లనూ మార్చడం మీద పనిచేసే సీబీటీ అనే థెరపీ వాళ్లు సెల్ఫ్ ప్రాక్టీస్ అంటారు, జేమ్స్ బెనెట్-లెవీ అనే ఆయన ఆస్ట్రేలియాలో దీన్ని బాగా అభివృద్ధి చేశారు. క్లయింటుకు ఇచ్చే ప్రతి ఎక్సర్‌సైజునూ ముందు మీ సొంత సమస్య మీద చేసి, ఏం జరిగిందో నిజాయితీగా రాసుకోవడమే. ఇద్దరు ముగ్గురు తోటి కౌన్సెలర్లు కలిసి చేస్తే ఇంకా మంచిది. ఎదుటి కుర్చీ అనుభవం పూర్తిగా రాదు గానీ, ఆ పట్టిక నింపడం ఎంత కష్టమో మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు సంబంధాల భయం. మీ భయం ఉత్తదని నేను అనను, మన ఊళ్లో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో నాకు తెలుసు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో 23వ సెక్షన్ గోప్యత హక్కును ఇచ్చింది. మీరు వెళ్లిన సంగతి డాక్టరు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ మీ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పడానికి లేదు, ప్రాణాపాయం లాంటి సందర్భాలు తప్ప. వృత్తి శిక్షణలో భాగంగా వెళ్లినదాన్ని పెళ్లిచూపుల్లో చెప్పుకోవాల్సిన అవసరమూ లేదు. అయితే ఒక్కటి గమనించండి. రేపు ఒక తల్లి మీ ముందు కూర్చుని, “మేడమ్, ఇది ఎక్కడా రాయకండి, ఆడపిల్ల, రేపు పెళ్లి కావాల” అంటుంది. చదువుకున్నవాళ్లంతా చెప్పే జవాబు మనకి నోటికొచ్చు: “ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందమ్మా, జ్వరం లాంటిదే.” ఇవాళ మీకున్న భయాన్ని గుర్తుంచుకుంటే ఆ జవాబు అంత తేలిగ్గా నోట్లోంచి రాదు. ముందు ఆ తల్లి భయాన్ని కూర్చుని వింటారు. ఏ వివరాలు ఫైల్లో ఉంటాయి, ఎవరు చూస్తారు, కాలేజీవాళ్లకు ఎంతవరకు చెబుతారు, అన్నీ విప్పి చెబుతారు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మన దగ్గర నిజంగానే చిక్కు. విజయవాడ, గుంటూరు మధ్య గంట ప్రయాణం, ఈ రంగంలో ఉన్నవాళ్లంతా ఒకరికొకరు తెలుసు. మీ ప్రొఫెసర్ వద్దు, మీ సూపర్‌వైజర్ వద్దు, మీ క్యాంపస్‌తో సంబంధం ఉన్నవాళ్లు వద్దు. రేపు మీరు పిల్లల్ని పంపాల్సి వచ్చే సైకియాట్రిస్ట్ క్లినిక్‌లో పనిచేసేవాళ్లు కూడా వద్దు. అందుకే హైదరాబాద్, విశాఖ, బెంగళూరులో ఉన్నవాళ్లతో ఆన్‌లైన్‌లో వెళ్లమంటాను. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవాళ్ల రిజిస్ట్రేషన్ నంబరును రిహాబిలిటేషన్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కౌన్సెలర్ అయితే ఎక్కడ చదివారు, ఎవరి సూపర్‌విజన్‌లో పనిచేస్తున్నారు అని అడగండి. అడిగితే నొచ్చుకునే మనిషి దగ్గర ఉండనక్కర్లేదు. తెలుగు వచ్చినవాళ్లనే వెతుక్కోండి, ఇంగ్లీషు మీకెంత బాగా వచ్చినా సరే. మనం సైకాలజీ అంతా ఇంగ్లీషులో చదివాం, ఆ భాషలో మన బాధను ఎవరిదో కేసు చెప్పినట్టు చెప్పేయగలం. అమ్మ మీద కోపం తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడే గొంతు వణుకుతుంది. మీ క్లయింట్లంతా చెప్పేది ఆ భాషలోనే కదా.

ఫీజు విషయం: నాకు తెలిసినంతలో సెషన్‌కి 1,000 నుంచి 2,000 రూపాయల దాకా ఉంటుంది. శిక్షణలో ఉన్నవాళ్లకు, కొత్తగా చేరినవాళ్లకు తగ్గించేవాళ్లు చాలామందే ఉన్నారు, మొహమాటపడకుండా అడగండి. వారానికొకటి చొప్పున పన్నెండు సెషన్లకు మనసులో లెక్క వేసుకోండి, తర్వాత కొనసాగించాలో లేదో ఇద్దరూ కలిసి చూసుకోవచ్చు. నాలుగు సెషన్ల తర్వాత కూడా ఆ మనిషి ముందు నోరు పెగలకపోతే ఆ సంగతి వాళ్లకే చెప్పండి, అప్పటికీ కుదరకపోతే మారండి. క్లయింట్ థెరపిస్టును మార్చడం నేరం కాదని మీకు స్వయంగా తెలియడం కూడా మంచిదే.

సర్టిఫికెట్ కోసం, “నేనూ చేయించుకున్నాను” అనిపించుకోవడానికి వెళ్లకండి. అలా వెళ్లినవాళ్లు థెరపిస్టును పరీక్షిస్తూ, ఆవిడ ఇప్పుడు ఏ టెక్నిక్ వాడిందా అని చూస్తూ పన్నెండు గంటలూ గడిపేస్తారు. ఒక నిజమైన విషయం పట్టుకుని వెళ్లండి. మీరు రాసినదాన్ని బట్టే ఒకటి కనబడుతోంది: గత నెల ఒక అమ్మాయి చేతి మీద కోసుకున్న గాట్లు చూపించిన రోజునుంచి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. దాంతో మొదలుపెట్టండి. అది అక్కడికి తీసుకెళ్లదగ్గ విషయమే. ఈలోపు ఏ రాత్రయినా మరీ భారంగా అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఆ నంబరు పిల్లలకే కాదు, మీకూ వర్తిస్తుంది.

మొదటి సెషన్‌లోనే మీరు కౌన్సెలర్ అని చెప్పేయండి, దాచకండి. “నేను మాటల్లో పడి థియరీ మాట్లాడుతుంటే ఆపండి” అని కూడా చెప్పండి. సెషన్ జరుగుతున్నప్పుడు నోట్స్ రాసుకోవద్దు, అయ్యాక కావాలంటే రాసుకోండి. ఆన్‌లైన్ సెషన్‌కి తలుపు గడియ పడే గది చూసుకోండి. క్యాంపస్‌లో మీ కౌన్సెలింగ్ గదిలోంచి మాత్రం చేయకండి, ఆ గోడల మధ్య మీరు కౌన్సెలర్‌గానే ఉండిపోతారు. జనవరి వచ్చిందంటే జేఈఈ, ఆ వెనకే ఇంటర్ పరీక్షలు, ఈఏపీసెట్ (పాత ఎంసెట్), నీట్, మే దాకా మీకు ఊపిరి ఆడదు, సొంత సంగతులు కదిలించుకోవడానికి అది సమయం కాదు. జూలై మొదట్లో మొదలుపెడితే దసరా నాటికి పన్నెండూ పూర్తవుతాయి, మధ్యలో ఒకటి రెండు వారాలు తప్పినా.